జూన్ ఒకటి

సమన్లు వచ్చింది నాకు కాదు,
నా బీరువాలో ఉన్న అడ్మిషన్ రిజిస్టరుకి.
నేను దాన్ని మోసుకెళ్ళాను, అంతే.

సీతంపేటలో తొలి బస్సు. ఒళ్ళో తువ్వాలు చుట్టిన పుస్తకం,
ఓ మూల చెదలు తిన్న అట్ట.
పక్క సీట్లో ఇండమ్మ, సుంబురు తల్లి.
శ్రీకాకుళం దాకా ఒక్క మాట ఆడలేదు.
నాగావళి కనబడగానే మాత్రం
కొంగుముడి విప్పి టికెట్టు డబ్బులు నా చేతిలో పెట్టబోయింది.

కాగితాల్లో సంగతి ఇదీ:
సంచిలో ఇరవై నాలుగు బ్యాటరీలు, జ్వరం మాత్రలు,
మడతపెట్టిన ఉత్తరం ఒకటి.
మోసినవాడు సవర సుంబురు, జిలుగుమానుగూడ.
వయసు దగ్గర "సుమారు పంతొమ్మిది".
ఆ సుమారు మీద జైలు గోడ లేపొచ్చు.

అన్నలకీ ఓ కొలత ఉందట.
తుపాకీ నిలబెట్టి పక్కన నిలబడమన్నారట.
వీడు నాలుగు వేళ్ళు పైకే ఉన్నాడు.
"ఇంక పెద్దోడివయ్యావురా" అన్నారట.
ఆ సంగతి వాడు నాకు సంబరంగానే చెప్పాడు, ఎప్పుడో సంతలో.
నేను ఉల్లిపాయలు ఏరుకుంటూ ఊఁ కొట్టాను.

చట్టం ముందు బడి పుస్తకాన్ని అడుగుతుందట,
లాయరమ్మ చెప్పింది.
పుస్తకం లేకపోతేనే ఎముకల్ని అడుగుతుంది,
మణికట్టుకి ఎక్స్‌రే తీసి.
"మీ తేదీ ప్రకారం ఆ రోజుకి పదిహేడేళ్ళ పది నెలలు మాస్టారూ.
రెండు నెలలు. అవే మనకున్నవి."

ఆ రెండు నెలల్నీ నేనే తయారుచేశానని ఆమెకి తెలీదు.

గది చిన్నది. బల్లకి అటు ముగ్గురు.
పిల్లల ముందు పోలీసు యూనిఫాం వేసుకోకూడదట.
చొక్కా మార్చుకొచ్చాడు, బూట్లు మార్చుకోలేదు.

"ఈ తేదీ మీరు వేసిందేనా?"
నేనేనండి.
"ఈ పేజీలో ముప్పై ఒక్కమందీ జూన్ ఒకటినే పుట్టారా?"
ఎవరో నవ్వారు.

గూడగూడా తిరిగి తోలుకొచ్చిన పిల్లలు.
పుట్టిన తేదీ అడిగితే
తల్లులు కొండకేసి చూపించేవారు.
కుడిచెయ్యి నెత్తి మీంచి తిప్పి
ఎడమ చెవి అందితే ఐదేళ్ళు.
అదీ మా తూకం.

సుంబురు చెయ్యి అందలేదు.
మెడ వంచాడు, నాలుక బయటపెట్టి సాగాడు,
రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది.
హాస్టలు లెక్కకి ఒక తల తక్కువైంది నాకు.
ఐదు అని రాసేశాను.

ఇప్పుడు ఆ మాట చెబితే పుస్తకం అబద్ధమవుతుంది,
చెప్పకపోతే నేను.
లాయరమ్మ తల అడ్డంగా ఊపుతోంది.

"చెయ్యి చెవికి అందలేదండి" అన్నాను.

నడిమి కుర్చీలో ఆవిడ పెన్ను ఆపింది.
ఎలాగో చూపించాను నా నెత్తి మీంచే,
యాభై ఏడేళ్ళవాణ్ణి.
మూల బెంచీ మీద వాడు కూడా, ఎవరూ అడక్కుండానే,
చెయ్యెత్తాడు.
బూట్లు ఉలిక్కిపడి ఓ అడుగు ముందుకేశాయి.

వాడి వేళ్ళు చెవి దాటి దవడ మీద ఆగాయి.

వాయిదా వేశారు.
వరండాలో ఇండమ్మ నోరు విప్పింది.
"బాబూ, ఆలు నన్నడగరేటి? నానే కదా కన్నాను.
కొండచీపుళ్ళు కోసిన నెల,
మా ఎర్రమేక ఈనిన మూడోనాడు."
దానికి రిజిస్టరులో గడి లేదు.
వెనకట్ట లోపల పెన్సిలుతో రాసుకున్నాను.

తిరుగు బస్సులో పేజీ మళ్ళీ తెరిచాను.
పదకొండో వరస, సవర సుక్కి. జూన్ ఒకటి.
దాని చెయ్యి ఇట్టే అందింది, గుర్తుంది,
గాజు జారి మోచేతి దాకా వచ్చింది.
పోయినేడు పేపర్లో,
పొదల పక్కన పడుకోబెట్టిన ఫొటో కింద,
సుమారు ఇరవై అని వేశారు.

ఆ పిల్ల కోసం
ఎవరూ నా రిజిస్టరు అడగలేదు.